గేటు అవతల చావవలెను

నూకరత్నం భయపడని విషయమంటూ లేదు. కూతురు ఎక్కిన బస్సు కాస్త ఆలస్యమైతే అది కాలవలో పడిపోయినట్టే. ఫోను తీయకపోతే దొంగలు ఎత్తుకుపోయినట్టే, తీసి మెల్లగా మాట్లాడితే జ్వరం వచ్చినట్టే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి కాబట్టి, లోకంలో తనకి తెలియనివన్నీ ప్రమాదాలే అని ఆవిడ నమ్మకం. అటువంటి నూకరత్నం, కూతురు సత్యవేణికి ముసలితనం మీద పరిశోధన నేర్పే చోట సీటొచ్చిందని విన్నరోజు మాత్రం కడుపునిండా అన్నం తింది. యాసిడ్లయితే పేలతాయి, కరెంటయితే కొడుతుంది. ముసలితనం ఏం చేస్తుంది? వస్తే మెల్లగా వస్తుంది, చెప్పి మరీ వస్తుంది.

ఆ చోటు పేరు చిరాయు వార్ధక్య జీవశాస్త్ర శిక్షణా కేంద్రం. కాకినాడ ఊరి చివర, ఉప్పుటేరు దాటాక ఉంది. పెద్ద చదువులు ముగించిన పిల్లల్ని ఏరి తెచ్చి, ప్రాణి ఎందుకు ముసలిదవుతుందో, ఒంట్లో కణాలు ఎందుకు అలిసిపోతాయో తేల్చగల శాస్త్రవేత్తలుగా తయారుచెయ్యడం దాని పని. పద్ధతి కూడా సవ్యమైనదే. ఒక్కొక్కరికీ ఒక తెల్లెలుక పిల్లనిస్తారు. దాన్ని పెంచాలి, ముసలిదయ్యేదాకా కనిపెట్టుకుని ఉండాలి, అది తనంతట తాను కన్నుమూశాక అక్కడి ప్రయోగశాలలోనే గుండె, కాలేయం, మెదడు తీసి పరీక్ష చెయ్యాలి. అప్పుడు శిక్షణ పూర్తయినట్టు పత్రమిస్తారు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తప్పంతా ఒక బోర్డు దగ్గర మొదలైంది.

కేంద్రం డైరెక్టరు పరాంకుశం గారిని ఒకసారి ఎరువుల ఫ్యాక్టరీ వాళ్లు భద్రతా వారోత్సవాలకి పిలిచారు. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర, ప్రమాదం జరగకుండా ఎన్ని రోజులు గడిచాయో చూపించే బోర్డుంది. ఆయన దాన్ని చూశారు. తిరిగొచ్చి సాయంత్రందాకా టీ కూడా ముట్టకుండా కూర్చున్నారు. "యూరియా చేసేవాళ్లకే అంత చిత్తశుద్ధి ఉంటే, ఆయుష్షు మీద పనిచేసే మన దగ్గర ప్రాణులు రాలిపోవడమేమిటి? సిగ్గుగా లేదూ!" అన్నారు. సిగ్గుగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు. మరుసటి వారానికి గేటు మీద బోర్డు వెలిసింది: మరణరహిత ప్రాంగణం.

బోర్డు పెట్టినంత మాత్రాన ఎలుకలు చావడం మానవు కదా అని ఎవరో అడగబోయారు. పాలనాధికారి చిదంబరరావు గారు దానికీ మార్గం చూపించారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో, ఇక లాభం లేదనుకున్న రోగిని, ఇంటికి తీసుకెళ్లిపోండి, మా చేతుల్లో లేదు అని పంపేస్తారు చూశారా, అదే మార్గం. కొనప్రాణంతో ఉన్న ఎలుకని పెంచినవాళ్లే "స్వచ్ఛందంగా" గేటు దాటించాలి. దాటాక ఏమైనా కేంద్రానికి సంబంధం లేదు. అయితే గేటు బయట చచ్చిన ఎలుక ప్రయోగశాలలో చచ్చినట్టు కాదు. కాబట్టి పరీక్షకి పనికిరాదు. కాబట్టి శిక్షణ పూర్తి కాదు. కాబట్టి మళ్లీ ఇంకో ఎలుకపిల్లనిస్తారు, మళ్లీ అది ముసలిదయ్యేదాకా రెండేళ్లు పైచిలుకు ఆగాలి. బోర్డు పెట్టిన నాటినుంచి ఆ ప్రాంగణంలో ఒక్క ఎలుకా చావలేదు, ఒక్కరూ శిక్షణ ముగించుకుని బయటికి రాలేదు. మా శిక్షణ అంత లోతైనది అని పరాంకుశం గారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు.

సత్యవేణి మొదటి ఎలుక అలాగే గేటు బయట పోయింది. రెండోది ముసలిదైంది.

ఒకనాటి మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. సత్యవేణి చున్నీ కప్పిన బోను పట్టుకుని దిగింది. నూకరత్నం చేతిలో పని వదిలేసి వీధిలోకి పరిగెత్తింది.

"ఏమైందే? ఎవరేమన్నారు? దెబ్బేమన్నా తగిలిందా?"

"డిశ్చార్జి చేసేశారమ్మా."

"నిన్నా! ఏ ఆసుపత్రిలో పడేశారే తల్లీ, నాకు మాట మాత్రం చెప్పకుండా..."

"నన్ను కాదు. ఎలకని."

చున్నీ తీసి చూస్తే, లోపల ఒక ముసలి ఎలుక. వీపు వంగిపోయింది. బొచ్చు పల్చబడి కింది చర్మం గులాబీ రంగులో కనిపిస్తోంది. ఒక కంట్లో పొర. గింజని రెండు చేతులా పట్టుకుని, తినాలన్న సంగతి మరిచిపోయి, గోడకేసి చూస్తోంది. ముట్టుకుంటే ఏం రోగం అంటుకుంటుందోనని దూరం జరిగిన నూకరత్నం, మళ్లీ వంగి చూసింది.

"అచ్చం మీ తాతగారేనే" అంది.

ఆ పేరే నిలిచిపోయింది. సాయంత్రం ఆర్టీసీ గ్యారేజీ నుంచి వచ్చిన వీర్రాజు, భార్య చెంచాతో ఎలుకకి రాగిజావ పట్టడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మా నాన్న మంచంలో ఉన్నప్పుడు జావ పోసిన గుర్తు లేదు నాకు. ఎలక్కి పోస్తున్నావా?"

"ఆయన మొహాన విసిరికొట్టేవోరు. ఇది తాగుతుంది" అంది నూకరత్నం.

జావ పట్టిందే గానీ ఆవిడ మనసు మనసులో లేదు. విశాఖలో ఒక పెద్దాసుపత్రివాళ్లు వయసు మళ్లినవాళ్ల జబ్బుల మీద పరిశోధన చేసే విభాగంలోకి సత్యవేణిని ఎంచుకున్నారు. శిక్షణ పత్రం చేత పట్టుకుని ఈ వేసవి దాటేలోగా వచ్చి చేరమన్నారు. చేరకపోతే ఆ ఉద్యోగం తర్వాత వరసలో ఉన్నవాళ్లకి పోతుంది. తాతగారు ఇక్కడ ఈ వంటింట్లో పోయాడంటే, సత్యవేణి చేతికి మళ్లీ ఎలుకపిల్ల. ఆ పిల్ల ముసలిదయ్యేసరికి తన పిల్ల ఎలా ఉంటుందో తలుచుకుని నూకరత్నం ఆ పూట అన్నం మానేసింది.

మర్నాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని, బోను ఒళ్లో పెట్టుకుని కేంద్రానికి బయల్దేరింది. గేటుకి ఎదురుగా టీకొట్టుంది. దాని బెంచీ మీద మనుషులు లేరు, బోనులు వరసగా ఉన్నాయి. ఒక్కో బోను పక్కన ఒక్కో శాస్త్రవేత్త, ఆసుపత్రి వరండాలో రోగి తాలూకు మనిషిలా, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఒకతనికి చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"ఆయ్, టీ తాగితే తాగండి గానీ అమ్మగోరూ, ఆ పెట్టి ఇక్కడెట్టకండి" అన్నాడు టీకొట్టతను. "మీ చావులన్నీ నా బెంచీ మీదే అయిపోతే నాకాడ టీ ఎవడు తాగుతాడండి? రేపణ్ణించి నేనూ ఓ బోర్డెట్టేత్తాను."

చిదంబరరావు గారి గదిలో ఏసీ వణికిస్తోంది. ఆయన నూకరత్నాన్ని కూర్చోమన్నారు, బోనుని మాత్రం గేటు దగ్గరే ఉంచమన్నారు.

"చూడమ్మా, మీ ఆవేదన మా దృష్టికి వచ్చింది. మరణం అనేది మూలతః క్రమశిక్షణా రాహిత్యం. దాన్ని ప్రోత్సహించే విధంగా సంస్థ నడుచుకోజాలదు."

"ప్రోత్సహించొద్దండి బాబూ. ఒక్క పూట లోపల ఉండనివ్వండి. దానంతట అది పోతుంది. మాట్లాడకుండా పోతుంది, ఎవర్నీ ఏమనదు."

"అక్కడే చిక్కు. దానంతట అది పోతే ఎవరి అనుమతితో పోయినట్టు?"

నూకరత్నానికి కళ్లనీళ్లు తిరిగాయి. కూతురికి పెళ్లి కాకపోయినా ఫరవాలేదనీ, ఉద్యోగం పోతే మాత్రం పిల్ల మనసు విరిగి ఏమైపోతుందోననీ, ఏమైపోతుందో ఒక్కొక్కటిగా వివరించి మరీ ఏడ్చింది. ఆ వివరాలు భరించలేక చిదంబరరావు గారు చెయ్యెత్తి ఆపారు. అంతలోనే ఆయన మొహం వెలిగింది.

"ప్రయోగశాలలో మరణించాలి, ప్రాంగణంలో మరణించకూడదు. అంతే కదా? అయితే ప్రాంగణం బయట ప్రయోగశాల ఉంటే సరిపోతుంది. మీ ఇంటిని కేంద్రానికి ఉపకేంద్రంగా గుర్తించే ప్రతిపాదన పైకి పంపుతాను."

నూకరత్నం ఆయనకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. వారం తిరక్కుండానే మేకులూ సుత్తీ పట్టుకుని మనుషులొచ్చి జగన్నాథపురంలో వాళ్లుండే రెండు గదుల పెంకుటింటికి బోర్డు కొట్టిపోయారు: చిరాయు వార్ధక్య జీవశాస్త్ర ఉపకేంద్రం. వీర్రాజు దాని కింద నిలబడి పైకి చూశాడు. "ఇంక నేను లుంగీతో వీధిలోకి రాకూడదేమో" అన్నాడు.

సత్యవేణి వంటింటి గట్టు మీద గాజు పలకలు, సీసాలు, సన్నకత్తెరలు సర్దుకుంది. తాతగారు తిండి మానేశాడు. ఒళ్లు ఒక పక్కకి వాలిపోయింది. నూకరత్నం దేవుడి పటాల ముందు నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, ఒక ప్రాణం పోవాలని మొక్కుకుంది. వెంటనే భయపడి, నొప్పి తెలీకుండా పోవాలని మొక్కు సరిదిద్దుకుంది.

ఆ మొక్కు దేవుడికి చేరేలోపలే జీపొచ్చింది. చిదంబరరావు గారు పరిగెత్తుకుంటూ దిగారు.

"ఆపండి! ఇక్కడ పోవడానికి వీల్లేదు!"

"మీరే కదండీ పొమ్మన్నారు" అంది నూకరత్నం.

"అది పూర్వస్థితి. ఇల్లు ఉపకేంద్రమైన దరిమిలా ఇది కూడా కేంద్రంలో అంతర్భాగం. కాబట్టి ఇది సైతం మరణరహిత ప్రాంగణం. డైరెక్టరు గారు ఈ అంశాన్ని స్వయంగా గుర్తించారు." ఆయన గొంతులో ఆ గుర్తింపు పట్ల గౌరవం పలికింది.

"సార్, ప్రయోగశాల ఎక్కడుంటే అదంతా ప్రాంగణమేనా?" అడిగింది సత్యవేణి.

"నిస్సందేహంగా."

"అంటే ప్రాణి ప్రయోగశాలలో పోవాలి, ప్రయోగశాల ఉన్న ఏ చోటా పోకూడదు."

"నిబంధనల సారాంశాన్ని మీరు చక్కగా గ్రహించారు. చాలామందికి ఇంకా అందలేదు."

వచ్చిన మనుషులు బోనెత్తి పక్కింటి మంగతాయారు అరుగు మీద పెట్టారు. మంగతాయారు చీపురు తీసుకుని బయటికొచ్చింది.

"మీ ఇంట్లో చావకూడదు గానీ మా ఇంట్లో చావొచ్చా? మాది ఏం కొంపనుకున్నారు? మా కోడలు నీళ్లోసుకుంది, శుభమా అని ఉంటే నా గుమ్మంలో శవాన్నెట్టుకోమంటారా? తియ్యండి ముందు!"

"ఇంకా శవం కాలేదొదినా" అంది నూకరత్నం, బోను గుండెలకి హత్తుకుని.

ఇటు పెడితే చిదంబరరావు గారు, అటు పెడితే మంగతాయారు. నూకరత్నం బోను పట్టుకుని వీధి మధ్యలో నిలబడిపోయింది. ఆ కుదుపులకో, ఆ కేకలకో, లేక ఆవిడ కంగారులో చెంగు తడిపి నోట్లో పిండిన పంచదార నీళ్లకో, తాతగారు కళ్లు తెరిచాడు. లేచి కూర్చుని మీసాలు దువ్వుకున్నాడు. చిదంబరరావు గారు ఊపిరి పీల్చుకుని, ఉపకేంద్రం మొదటి విజయమని అభినందించి వెళ్లిపోయారు.

అలా చావబోయి బతికిన తాతగారు, కేంద్రంలో పుట్టిన ఎలుకలన్నిటిలోకీ పెద్దవాడని లెక్క తేలింది. మిగతావన్నీ టీకొట్టు బెంచీ మీద పోయాయి కదా. ఆ మాట విని పరాంకుశం గారు మురిసిపోయారు. మరణరహిత ప్రాంగణానికి వార్షికోత్సవం జరపాలనీ, ఆ సభలో వయోవృద్ధ మూషికానికి శాలువా కప్పి సత్కరించాలనీ నిర్ణయించారు. తాతగారికి అతిథి హోదాలో తాత్కాలిక ప్రవేశం మంజూరైంది. సభ ముగియగానే ప్రాణంతో గేటు దాటాలన్నది షరతు. సత్యవేణి చేతిలో పెడితే ఎలుక బెదురుతోందని, నూకరత్నాన్నే బోను పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. నిధులిచ్చే సంస్థ తరఫున ముఖ్య అతిథి వచ్చారు. వేదిక వెనక ఒక పక్క ప్రయోగశాల తలుపు, ఇంకో పక్క పూలకుండీలు. పరాంకుశం గారికి డెబ్బై దాటాయి, కానీ గొంతు తగ్గలేదు.

"మృత్యువు మన గేటు దగ్గరికి వస్తుంది, బోర్డు చదువుతుంది, వెనక్కి మళ్లుతుంది!" అన్నారు.

చప్పట్లు మోగాయి. నూకరత్నం చప్పట్లు కొట్టలేదు. సత్యవేణి పసిగుడ్డుగా ఉన్నప్పుడు నిద్రలో ఊపిరాడుతోందో లేదోనని ముక్కు కింద వేలు పెట్టి చూసుకుంటూ తెల్లవార్చిన మనిషి ఆవిడ. తాతగారి పక్కటెముకల మీదనుంచి చూపు తిప్పలేదు. అవి లేస్తున్నాయి, పడుతున్నాయి. మెల్లగా లేస్తున్నాయి. పడ్డాయి. మళ్లీ లేవలేదు. చువ్వల్లోంచి వేలు పోనిచ్చి ముక్కు దగ్గర పెట్టి చూసింది. లేచి నిలబడింది.

"అయ్యా, తాతగారు పోయారండీ!"

సభలో సగంమంది కంగారుగా పరాంకుశం గారి వైపు చూశారు. ఆయన తన గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకుని, "కూర్చోమ్మా" అన్నారు.

చిదంబరరావు గారు వంగి బోనులోకి చూశారు. "విశ్రాంతి దశ" అన్నారు.

"కాదండి బాబూ. చల్లబడిపోతోంది."

"అమ్మా, ప్రాణం ఉందా లేదా అనేది వైద్యపరమైన అంశం. ఈ ప్రాంగణంలో ఉందా లేదా అనేది పాలనాపరమైన అంశం. పాలనాపరంగా ప్రాణం ఉంది."

అనుమానం లేకుండా ఉండేందుకు వేదిక మీదివారిలో ప్రాణం ఉందనేవాళ్లని చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. ముఖ్య అతిథి ఎందుకెత్తాలో తెలియకుండానే ఎత్తారు. బోనుని వేదిక మీదికి తెచ్చి శాలువా కప్పారు, ఫొటో తీశారు. నూకరత్నం ఇన్నాళ్లూ ఏం జరుగుతుందోనని భయపడింది. జరగాల్సింది, జరగాల్సిన చోటే, ప్రయోగశాల గుమ్మంలోనే, ఇంతమంది కళ్లముందు జరిగింది. జరగలేదంటున్నారు. ఇంక తన కూతురి ఎలుక ఎప్పటికీ చావదు, పిల్ల ఎప్పటికీ బయటపడదు. ఇంత ఘోరం ఆవిడ ఊహకి కూడా ఎప్పుడూ తట్టలేదు.

సత్యవేణి వేదిక ఎక్కింది. శాలువా మడిచి పక్కన పెట్టి, తాతగారిని రెండు చేతులా ఎత్తుకుని ప్రయోగశాల తలుపు తోసింది. బల్ల సరిగ్గా తలుపుకి ఎదురుగానే ఉంది. చేతులకి తొడుగులు వేసుకుని కత్తెర తీసింది.

"ఏం చేస్తున్నావ్!" చిదంబరరావు గారు గుమ్మంలో అడ్డుపడ్డారు. "బతికున్న జంతువు మీద కత్తెర పెడితే నేరం! కేసవుతుంది!"

"అవును సార్. అందుకే అడుగుతున్నా. ఇది చచ్చిపోయిందని ఒక్క మాట అనండి, నా మీద కేసు ఉండదు. బతికుందంటారా, నేను చేసేది నేరమే. పోలీసుల్ని మీరే పిలవండి. వాళ్లొచ్చి చూసి, ఎప్పుడు పోయిందో, దేనివల్ల పోయిందో, ఎక్కడ పోయిందో తేలుస్తారు."

నూకరత్నం పోలీసులనే మాట వినేసరికి "వద్దే తల్లీ" అనబోయింది. అనకుండా చెంగు నోట్లో కుక్కుకుంది. చిదంబరరావు గారు గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశారు. చచ్చిందంటే బోర్డు పోతుంది. బతికుందని పోలీసుల్ని పిలిస్తే చచ్చిందని తేలుతుంది, బోర్డు పోతుంది. ఆయన సర్వీసులో, నిబంధనలేవీ గుర్తుకురాని క్షణం అదొక్కటే. సత్యవేణి తొడుగులు సరిచేసుకుంది. తర్వాత కత్తెర నడిపింది. గుండె ఒక సీసాలోకి, కాలేయం ఒక సీసాలోకి, మెదడు ఒక సీసాలోకి వెళ్లాయి.

"అక్కడేమిటి, ఆపరేషనా?" అన్నారు ముఖ్య అతిథి మెడ సాచి.

పరాంకుశం గారు పెద్దవారు. ఎన్నో తనిఖీలు చూసినవారు. "అవునండీ. ముదిమి వయసులో శస్త్రచికిత్స. మా శిక్షణార్థి స్వయంగా చేస్తోంది" అన్నారు.

"రోగి పరిస్థితి?"

"నిలకడగా ఉంది" అన్నారు చిదంబరరావు గారు.

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

సీసాలకి మూతలు పెట్టుకుని, మిగిలిన ఒంటిని మళ్లీ బోనులో పడుకోబెట్టి శాలువా కప్పి, సత్యవేణి డైరెక్టరు గారి కుర్చీ దగ్గరికి వెళ్లింది. తల్లికి వినపడేంత మెల్లగా అంది: "సార్, అవయవాలు నా దగ్గరున్నాయి. మీ రోగి బోనులో ఉన్నాడు. వాడు పోయాడని సంతకం పెడతారా, నా శిక్షణ పూర్తయిందని పెడతారా? ఏదో ఒకటి పెట్టాలి. మీకేది సులువో చూడండి."

పరాంకుశం గారు బోను వైపు చూశారు, బోర్డు ఉన్న గేటు వైపు చూశారు, కలం తీశారు. చిదంబరరావు గారు పక్కన నిలబడి, "జీవితాంతం వరకు ఆగనవసరం లేని రీతిలో అసాధారణ ప్రతిభ కనబరచినందున" అని పత్రంలో ఒక వాక్యం చెప్పి రాయించారు. ఆ సాయంత్రమే సత్యవేణి గేటు దాటింది. కాపలాదారు సీసాలు తెరిచి చూసి, వీటిలో ఎవరికైనా ప్రాణాపాయం ఉందా అని మాత్రం అడిగాడు.

శస్త్రచికిత్స విజయవంతమైన ఎలుకకి కేంద్రంలో శాశ్వత స్థానం దొరికింది. బోను మీద శాలువా కప్పి ఉంచుతారు. పొద్దుటా సాయంత్రమూ గింజలు వేస్తారు. విశ్రాంతికి భంగమని శాలువా ఎత్తి చూడనివ్వరు. మామూలుగా ఎలుక బతకగలిగే వయసు ఎప్పుడో దాటేసిందని, ఈ రహస్యం ఛేదించడానికి కొత్త శిక్షణార్థుల్ని తీసుకుంటున్నామని పేపర్లో ప్రకటన పడింది. దరఖాస్తులు బాగానే వచ్చాయని టీకొట్టతను చెప్పాడు. అతను కుర్చీలు వేసి, బెంచీని పూర్తిగా బోనులకే వదిలేశాడు.

విశాఖ బస్సులో తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. తుని దాటేదాకా నూకరత్నం టైరు పేలుతుందేమోనని కూడా అనలేదు. ఏదో నలుగుతోందని సత్యవేణి కనిపెట్టింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదే. ఆ ఆసుపత్రిలో... ముసలాళ్లు పోతుంటారా?"

"పోతారమ్మా. ఆసుపత్రి కదా."

"లోపలే పోతారా? గేటు బయటికి తోసెయ్యరు కదా?"

"లోపలే. మంచం మీదే."

"పోతే పోయారని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటారు. టైముతో సహా రాస్తారు."

"హమ్మయ్య!" అంది నూకరత్నం మనస్ఫూర్తిగా. "ఎంత చల్లని మాట చెప్పావే తల్లీ. రోజూ పోతుంటారా?"

"పెద్దాసుపత్రమ్మా. రోజూనే."

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, ఆ ఏడాదిలో మొదటిసారి, నవ్వింది. పక్క వరసలో వాళ్ల మాటలు వింటున్న పెద్దావిడ ఆ నవ్వు చూసి, తన సంచీ తీసుకుని, వెనక సీట్లోకి వెళ్లి కూర్చుంది.